గుంత మగ్గంలో చెయ్యి

"సంపినా ఆ గుంతలో కాళ్లు పెట్టను వదినా."

"పెట్టకపోతే చీర ఎవరు నేస్తారప్పా? నీ పుస్తకంలో దయ్యమొచ్చి నేస్తాదా?"

"ఎగతాళి చేయొద్దు. నా పాదానికి ఏందో తగిలింది. సల్లగా ఉండింది."

"తడి గుంత సల్లగా కాక ఇంకెట్లుంటాది? పొద్దున నీళ్లు చల్లింది నేనే కదా?"

"నీళ్లు కాదు వదినా. వేళ్లు."

ఈ మాట అన్నది పసివాడు కాదు, పెళ్లయి బిడ్డ పుట్టిన నా మరిది. కడప జిల్లాలో మేముండిన ఊరు మగ్గాల ఊరు. మాది గుంత మగ్గం. నేలలో తవ్విన గుంతలోకి కాళ్లు దించి కూర్చుని, అడుగునున్న చెక్కలు తొక్కుతూ నేయాలి. మా ఎండలకు నూలు పెళుసెక్కి తెగుతుంది కనుక గుంతను ఎప్పుడూ తడిగా ఉంచుతాము. లోపల చీకటి. అందులో కాళ్లు పెట్టకుండా నేయడమన్నది లేదు.

ఆ మధ్యాహ్నం మగ్గం మీదున్నది పెళ్లిచీర. కొంగు ఒక్కటే మిగిలింది. మరుసటి పొద్దున పెళ్లికూతురి మేనత్త వచ్చి తీసుకుపోవాలి. ఆ ఇంటి పెళ్లిచీరలన్నీ మా మామ కాలం నుంచి మా మగ్గం మీద నేసినవే. ఈ ఒక్కటి అందకపోతే వాళ్లు పక్క వీధికి పోతారు, మళ్లీ మా గడప తొక్కరు. నా పెనిమిటి నూలు తేవడానికి ఊరు పోయి ఉన్నాడు. నేయవలసింది మరిది ఒక్కడే.

ఇదంతా పుస్తకాలు తెచ్చిన తంటా. పందొమ్మిది వందల యాభైల్లో డిటెక్టివు నవలలు, దయ్యాల నవలలు చిన్న చిన్న పుస్తకాలుగా వచ్చేవి. బస్సులు ఆగేచోట సైకిల్ షాపువాడు బాడుగకు ఇచ్చేవాడు. మరిది తెచ్చి సాయంత్రం వసారాలో పైకి చదివేవాడు. వీధిలోవాళ్లు మగ్గాలు ఆపి వచ్చి కూర్చునేవాళ్లు. వాళ్లకు కథ కనబడేది, నాకు తరిగిపోయే దీపం నూనె కనబడేది. నేను మూడో తరగతితో బడి మానినదాన్ని. కూడబలుక్కుని చదవగలను గానీ వాటికోసం కళ్లు పాడుచేసుకోలేదు.

ఆ వారం నవలలో, పూడ్చిన శవం చెయ్యి మట్టిలోంచి లేచి నడిచేవాళ్ల పాదం పట్టుకుంటుంది. ఆ చెయ్యి ఎవరిదో చెప్పబోయే చోట ఆపేసి, మిగతాది రెండో భాగంలో అన్నారు. రెండో భాగం సైకిల్ షాపుకు రానేలేదు. వచ్చి ఉంటే అదంతా ఏ దొంగ వేషమో అని తేలిపోయేది, మరిది కాళ్లు గుంతలో ఉండేవి. ఇప్పుడు నా మనవరాళ్లు టీవీలో దయ్యాల సీరియల్ సరిగ్గా అట్లాంటి చోట ఆగిపోతే దుప్పటి కప్పుకుని గింజుకుంటారు. చూసి ఇంట్లో అందరూ నవ్వుతారు. నాకు మాత్రం నవ్వే ఓపిక లేదు.

లాంతరు వెలిగించి గుంతలోకి దించి చూపించాను. చెక్కలు, తాళ్లు, తడి మట్టి.

"కనపడకుండా ఉంటాది కాబట్టే కదా దయ్యమనేది" అన్నాడు.

నేనే దిగి కూర్చున్నాను. "సూడు. నా కాళ్లు ఈడనే ఉండాయి. ఎవరు పట్టుకున్నారు?"

"అది ఆడోళ్ల జోలికి రాదు వదినా. పుస్తకంలో శానా వివరంగా రాసినారు."

"పాపం, మర్యాద తెలిసిన దయ్యం."

పక్కన నూలు కండెలు చుడుతున్న తోడికోడలు, అంటే అతని భార్య, కిసుక్కుమంది. మరిది నవ్వలేదు. మొహం నిజంగానే పాలిపోయి ఉంది. ఇక అరిచి లాభం లేదనిపించింది.

కొంగు నేయడం నాకు రాదు. అతని చేతులకు వచ్చు, కాళ్లు దిగవు. చివరికి నేను గుంతలో ఉండి చెక్కలు తొక్కేటట్టు, అతను గట్టు మీద నా పక్కనే బాసిపట్లు వేసుకుని కండె పెట్టిన నాడెను అటూ ఇటూ ఆడించి పేక, అంటే అడ్డపోగు, కొట్టేటట్టు ఒప్పుకున్నాము.

"ఎడమది తొక్కు వదినా. ఇప్పుడు కుడి. ఏం తొందర?"

"నువ్వు సాగదీస్తాంటే నా కాలు ఆగుతాదా?"

ఒకే మనిషి కాలూ చెయ్యీ కలిసి చేయవలసిన పని అది. నా కాలు ముందు పడితే పేక మీద దెబ్బ ఒక రకంగా పడేది, వెనక పడితే ఇంకో రకంగా. దీపాలు పెట్టే వేళకు కొంగు ముగిసింది. నా పిక్కలు రాళ్లయిపోయాయి. మరిదీ తోడికోడలూ చెరో రెక్క పట్టి నన్ను పైకి లాగారు. మరిది నేసిన మేర చేత్తో తడిమి చూశాడు. ఎట్లుందని నాకు అడగాలనిపించలేదు.

పొద్దున మొదటి బస్సుకే మేనత్త దిగింది. మజ్జిగ తాగి, చీర వాకిట్లోకి తీసుకుపోయి ఎండకు పట్టింది. చీర ఒళ్లంతా బాగుంది. కొంగు మాత్రం ఒకచోట దట్టంగా, ఒకచోట పలచగా, చారలు చారలుగా కనిపించింది.

"కొంగు ఇద్దరు నేసినట్టుండాదే అమ్మా" అంది.

"అవును" అన్నాను. ఎందుకో చెప్పలేదు.

"పెండ్లిలో అందరూ సూసేది కొంగే. ఏమనుకోవద్దు" అని చీర మడిచి నా చేతిలో పెట్టింది. పక్క వీధిలో మగ్గం ఎవరిదని అడిగింది. తోడికోడలు వాకిట్లోకి వచ్చి దారి చూపించింది. మరిది వసారాలో తల వంచుకుని కూర్చున్నాడు. నేను చీర పెట్టెలో పెట్టి, పొయ్యి ముట్టించి సంగటికి ఎసరు పెట్టాను.