కొరికి వదిలిన రొట్టె

మా తోటికోడలు సాల్కిన్‌కు కడుపుమంట ఎక్కువ. ఆ వసంతంలో మంటంతా కూతురి సైన్సు టీచరు జిపార్ మీదే.

కూతురు బెగిమాయ్‌కి ఆటిజం. ఇంట్లో పెదవి విప్పదు. జిపార్ వాళ్ల క్లాసులో రెండు రొట్టెముక్కలు సీసాల్లో పెట్టింది, ఒకటి తడిపి, ఒకటి ఎండబెట్టి. రోజూ అదే వేళకు, అవే మాటలతో, బొమ్మలు చూపిస్తూ చెప్పింది. తడిదానికి బూజు పట్టిన రోజున బెగిమాయ్ నోరు విప్పింది.

"తడిస్తే పోతుంది. ఎండితే ఉంటుంది."

ఆ కబురు మోసుకుని జిపార్ మా నరీన్ ఊరి బజారుకు పరుగెత్తుకొచ్చింది. ఉన్ని చెప్పులు అమ్ముకుంటున్న సాల్కిన్ ఆమెకేసి తలైనా ఎత్తలేదు. జిపార్ వెళ్లగానే పక్కనే ఉన్న నా మీద పడింది.

"కన్నది నేను, పెంచింది నేను. మాట మాత్రం ఆవిడకా?"

"మాట్లాడింది కదక్కా, సంతోషించు."

"నీకేం! నీ పిల్లలు పొద్దస్తమానం నీ చెవులు కొరుక్కుతింటారు."

కొన్నాళ్లకు జిపార్ శిక్షణ కోసం రాజధాని బిష్కెక్ వెళుతూ చెప్పిపోవడానికి సాల్కిన్ ఇంటికి వచ్చింది. మా ఇళ్లలో దూరం వెళ్లేవాళ్లు రొట్టె ఒక్క ముక్క కొరికి వెళతారు. మిగిలింది వాళ్లు క్షేమంగా తిరిగొచ్చేదాకా దాస్తాం. బెగిమాయ్ తనే రొట్టె తెచ్చి టీచరు నోటికందించింది. మిగిలింది పొయ్యి పక్కన మేకుకు వేలాడే తన సంచిలో వేసుకుంది. ఆ సంచిని ఎవరినీ తాకనివ్వదు. సాల్కిన్ ముఖం మాడిపోయింది.

మర్నాడు పిల్ల బడికి వెళ్లాక నేను పాలకోసం వాళ్లింటికి వెళితే, సాల్కిన్ చేతిలో నీళ్ల గిన్నె.

"రొట్టె పారేస్తే పాపం. తడిస్తే అదే పోతుంది. ఆవిడ చెప్పిన పాఠమేగా!"

"ఆవిడ తిరిగి రావద్దా?"

"వద్దు!"

సంచి దించి నేలమీద బోర్లించింది. జిపార్ ముక్కతోపాటు బోలెడు ముక్కలు రాలాయి. అన్నీ కొరికినవే. జిపార్‌ది తప్ప ప్రతి కాటు మధ్యలో పన్ను దిగని చిన్న బొడిపె మిగిలి ఉంది. సాల్కిన్‌కు ముందుపన్ను ఒకటి సగం విరిగి ఉంటుంది. రోజూ పొద్దున్నే హడావిడిగా రొట్టె రెండు ముద్దలు కొరికి, మిగతాది బల్లమీద వదిలేసి బజారుకు పరుగెత్తడం ఆమెకు అలవాటు.

"పిల్ల ఇవన్నీ కోళ్లకేస్తోందనుకున్నానే," అంది.

అడుగున ఉన్న పాత ముక్కలకు నల్లగా బూజు పట్టింది. ఈమధ్యవి మాత్రం పొయ్యిమీద ఆరబెట్టినట్టు గట్టిగా ఎండి ఉన్నాయి.

సాల్కిన్ గిన్నెడు నీళ్లూ గుమ్మం అవతల పారబోసి వచ్చింది. చాలాసేపు ఏడ్చింది. తర్వాత టీచరు ముక్క తీసి నొక్కి చూసింది.

"ఇంకా పచ్చిగానే ఉంది," అని తన ముక్కలతోపాటు పొయ్యిమీద ఆరబెట్టింది. తనవాటికి కాస్త ఎడంగానే పెట్టిందనుకోండి.