మంత్రగత్తె పక్షాన మా అత్త

మా అత్త పోయింది. పోయిన ఆదివారం మధ్యాహ్నం చారన్నం తిని, కాసేపు నడుం వాలుస్తానని వసారాలో మంచం మీద పడుకున్న మనిషి ఇక లేవలేదు. టీ పెట్టి లేపబోయాను. చెయ్యి తాకగానే తెలిసిపోయింది.

అందరికంటే ముందు వచ్చింది ఎదురింటి ఆవిడ. నేను చినత్త అని పిలుస్తాను. మా అత్తకు వరసకు చెల్లెలు, అక్కను 'అప్పా' అని పిలిచేది, యాభై ఏళ్ల స్నేహితురాలు. ఆవిడ గుండెలు బాదుకోలేదు. మంచం కోడు పట్టుకుని నేల మీద కూలబడి, "అప్పా, ఇంక నాను ఎవలితో దెబ్బలాడాల?" అని అడిగింది. అప్పటిదాకా నిలబడి ఉన్న నేను ఆ మాటకు ఆవిడ పక్కన కూర్చుండిపోయాను.

వాళ్లిద్దరి దెబ్బలాట చేను గట్టు గురించో, కోడిపిల్లల గురించో కాదు. ఒక కథ గురించి. అది పుస్తకంలో బాగుందా, టీవీలో బాగుందా అని. మొదలుపెట్టింది నేనే కనుక చెప్పాల్సిన బాధ్యత కూడా నాదే.

మాది టెక్కలి. నాన్న ఒక ఆఫీసులో గుమస్తా. నా పెళ్లికి ముందు మా ఇంట్లో అందరం 'గవ్వలదీవి' అనే జానపద నవల పిచ్చిలో ఉండేవాళ్లం. ఆరు భాగాలు. పలాస వెళ్లినప్పుడల్లా నాన్న స్టేషన్లో పుస్తకాల కొట్టు నుంచి ఒక్కో భాగం తెచ్చేవాడు. నడి సముద్రంలో ఎప్పుడూ పొగ కప్పుకుని ఉండే దీవి, ఆ దీవి మీద ధూమలేఖ అనే మంత్రగత్తె, ఆ దీవిని వెతుక్కుంటూ బయలుదేరిన పడవవాడి కూతురు తరంగిణి, నీళ్ల మీద పరుగెత్తే నీలిగుర్రం. తొంభైల చివర్లో పెళ్లయి ఉద్దానం వచ్చినప్పుడు, పెట్టెలో చీరల కింద ఆ ఆరు పుస్తకాలూ పెట్టుకుని వచ్చాను.

అత్తవారి ఊరు కొబ్బరి తోటల మధ్య ఉండేది. పొద్దుటే గాలి మారితే సముద్రం హోరు వంటింట్లోకి వచ్చేది. అత్త నాతో పెద్దగా మాట్లాడేది కాదు. కోపం ఉండి కాదు. ఏం మాట్లాడాలో తెలిసేది కాదనుకుంటాను. "నీళ్లు తోడు", "పొయ్యి సూడు", అంతే. ఇంట్లో చిన్న నలుపు తెలుపు టీవీ ఉండేది. నేను వచ్చిన కొన్నాళ్లకు, శనివారం సాయంత్రాలు 'గవ్వలదీవి' సీరియల్ గా రావడం మొదలైంది. వీధిలో ఆడవాళ్లంతా మా వసారాలోకి చేరేవారు.

మొదటి వారమే నేను నోరు ఆపుకోలేకపోయాను. "పుస్తకంలో ఇలా లేదు" అన్నాను. అన్ని తలలూ నా వైపు తిరిగాయి.

"అయితే నీ పుత్తకంలో ఎలగున్నాదేటి, కొత్త కోడలా?" అంది చినత్త. వెటకారంగానే అడిగింది.

తరంగిణికి పుస్తకంలో అన్ని నగలు లేవని, అసలు ఆ రాకుమారుడే లేడని, అతన్ని టీవీవాళ్లు కొత్తగా పెట్టారని చెప్పాను. "రాకుమారుడు నేని కత ఎవలు సూత్తారే?" అని చినత్త కొట్టిపారేసింది. అందరూ నవ్వారు. అత్త నవ్వలేదు.

మర్నాడు వంటింట్లో వంకాయలు తరుగుతూ, తల ఎత్తకుండా అడిగింది. "ఓలే, ఆ గుర్రం ఏ రంగు?"

"నీలం, అత్తా."

"నీలమంటే? ఆకాశం నీలమా, బట్టలకేసే నీలిమందా?"

లోపలికి వెళ్లి పుస్తకం తెచ్చి చూశాను. తెల్లవారక ముందు సముద్రం ఏ రంగులో ఉంటుందో ఆ రంగు అని రాసి ఉంది. చదివి వినిపించాను. అత్త కత్తిపీట ముందు చెయ్యి ఆపి, కళ్లు సగం మూసుకుంది. ఆ రంగు ఆవిడకు తెలుసు. చేపల కోసం తెల్లవారుజామున రేవుకు వెళ్లినప్పుడల్లా చూసిన రంగే.

"మరైతే అలగ సెప్పు" అంది. మా ఇద్దరి మధ్య జరిగిన మొదటి సంభాషణ అదే.

ఆ తర్వాత ప్రతివారం టీవీ చూసిన మర్నాడు నేను రంగులు చెప్పేదాన్ని. దీవి మీద ఇసుక పసుపు, పొగ ఊదా, తరంగిణి పడవ తెరచాప కావిరంగు. అత్త ఆ రంగులన్నీ మనసులో పెట్టుకుని వచ్చే శనివారం టీవీ ముందు కూర్చునేది. "టీవీలో రంగు నేదు, నీ పుత్తకంలో బొమ్మ నేదు. రెండూ ఉంటేనే కత" అనేది.

అలాగని పూర్తిగా నా జట్టు కాదు. తరంగిణి పడవెక్కి వెళ్లిపోయాక, ఆమె తల్లి రోజూ గడపలో దీపం పెట్టి ఎదురుచూడటం టీవీలో చూపించేవారు. పుస్తకంలో అది లేదని నేనంటే అత్త ఒప్పుకోలేదు. "అయితే ఆ రాసినాయన తల్లిని మరిసిపోనాడు" అంది. తీసి చూశాను. నిజంగానే మొదటి భాగం తర్వాత ఆ తల్లి ఊసే లేదు. అన్నిసార్లు చదివి కూడా నేనెప్పుడూ గమనించలేదు.

మంత్రగత్తె విషయంలో మాత్రం అత్తా, చినత్తా ఒక్క మాట మీద ఉండేవారు. టీవీలో ధూమలేఖ జుట్టు విరబోసుకుని పెద్దగా నవ్వేది. ఆ నవ్వు వినగానే ఇద్దరూ కలిసి "నీ నోట మన్నుపడ" అని తిట్టేవారు.

ఇంతలో తుఫాను వచ్చింది.

దాని గురించి ఈ ప్రాంతం వాళ్లకు నేను చెప్పేదేమీ లేదు. తెల్లారి తలుపు తీసేసరికి మా తోట లేదు. జీడిచెట్లు వేళ్లతో సహా తిరగబడి ఉన్నాయి. కొబ్బరిచెట్లు, అత్త కొత్త కోడలిగా వచ్చినప్పుడు కడవలతో నీళ్లు మోసి పెంచిన చెట్లు, ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ఎప్పుడూ వినపడటమే తప్ప కనపడని సముద్రం మా పెరట్లోంచి కనిపించింది. అంత దగ్గరగా ఉందని అప్పుడే తెలిసింది. మెరుస్తూ, ఏమీ జరగనట్టు ఉంది.

అత్త వెళ్లి పడిపోయిన మాను మీద కూర్చుంది. ఏడవలేదు. రోజూ పొద్దుటే వెళ్లి అక్కడే కూర్చునేది. పళ్లెంలో అన్నం పెట్టి తీసుకెళ్తే రెండు ముద్దలు కెలికి పక్కన పెట్టేది. మా ఆయన బతిమాలాడు. చినత్త వచ్చి తిట్టింది. ఏదీ ఆవిడ దాకా వెళ్లినట్టు లేదు. కళ్లు చూస్తే భయం వేసేది. ఈ మనిషి ఇలాగే కూర్చుని కూర్చుని మాకు కాకుండా పోతుందేమో అనిపించేది.

కరెంటు స్తంభాలన్నీ పడిపోయాయి. టీవీ మీద గుడ్డ కప్పేశాం. ఒక మధ్యాహ్నం ఆవిడ పక్కన ఊరికే కూర్చోవడం చేతకాక, నాలుగో భాగం పట్టుకెళ్లి అదే మాను మీద కూర్చుని పైకి చదవడం మొదలుపెట్టాను. వింటోందో లేదో చూడలేదు.

టీవీలో చూపించని అధ్యాయం అది. ధూమలేఖ మంత్రగత్తె కాకముందు ఆ దీవి మీద తోట పెంచుకునే మామూలు ఆడమనిషి. రాజు తన ఓడల స్తంభాల కోసం మనుషుల్ని పంపించి ఆ తోటంతా నరికించుకుపోతాడు, మిగిలిన మొదళ్లకు నిప్పు పెట్టిస్తాడు. ఆమె ఆ మొదళ్ల మధ్య కూర్చుంటుంది. కాలుతున్న మొదళ్ల నుంచి లేచిన పొగను చీరలా పట్టి, దీవి చుట్టూ కప్పుతుంది, ఇంకో ఓడకు తన దీవి కనపడకుండా.

"ఆగు" అంది అత్త.

ఆగాను.

"ఆ ముక్క మల్లీ సదువు."

మళ్లీ చదివాను. అత్త నా వైపు తిరిగింది. చాలా రోజుల తర్వాత ఆవిడ కళ్లు నన్ను చూశాయి.

"అయితే ఆ పొగ ఎవలినో సంపడానికి పెట్టనేదు. దాసుకోడానికి పెట్టుకున్నాది."

"అవునత్తా."

"మరి టీవీవోలు ఈ మాట సెప్పనేదేటి?" నా చేతిలో పుస్తకం మీద చెయ్యి వేసింది. "అన్ని తిట్లు తిట్టీసినాం ఆవిడని."

సముద్రం వైపు తిరిగింది. కొబ్బరిమట్టలు ఎండుతున్న వాసన తోటంతా కమ్ముకుని ఉంది. కళ్లలో నీళ్లు వాటంతట అవే దిగాయి. తుడుచుకోలేదు.

"అన్నం ఉన్నాదేటి? ఆకలేత్తన్నాది" అంది.

అప్పటి నుంచి ప్రతి మధ్యాహ్నం చదవాల్సిందే. ఒక్కొక్కరే వీధి ఆడవాళ్లు వచ్చి చేరారు. "కరెంటొచ్చీదాకానే సుమీ" అంటూ చినత్త కూడా వచ్చింది. కూలిన మానుల మీద వరసగా కూర్చుని వినేవారు. ఇప్పుడు తలుచుకుంటే కలలో చూసినట్టు ఉంటుంది. నీడ లేని తోట, గాలికి ఎగిరే పేజీలు, ఎదురుగా సముద్రం. తలెత్తి చూస్తే ఎవరూ నన్ను చూస్తూ ఉండరు, అందరూ నీళ్ల వైపు చూస్తూ ఉంటారు, దీవి అక్కడెక్కడో ఉన్నట్టు. ఆ రోజుల్లోనే మా ఆయన నందిగాం వైపు నుంచి కొబ్బరి మొలకలు తెచ్చాడు. అత్త ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వకుండా గోతులు తనే తవ్వుకుంది.

కరెంటు వచ్చేసరికి సీరియల్ చివరికొచ్చేసింది. ఆఖరి శనివారం రాకుమారుడు కత్తి తీసి ధూమలేఖను పొడిచాడు. వసారా అంతా చప్పట్లు. అత్త లేచి నిలబడింది.

"అన్నేయం" అంది.

"దుట్టురాలు సచ్చిపోనాది, మంచిదే గదా అప్పా" అంది చినత్త.

"మరి ఆవిడ తోట నరికించినోడు సావనేదేటి?"

"టీవీలో తోట నేదు గదా!"

"నేదంటే నేకుండా పోద్దేటే? నువ్వూ ఇన్నావు గదా, నా పక్కన కూకుని!"

మాట మీద మాట పెరిగింది. "సదువు రాకపోనా సదివినదాన్లాగ మాటాడతన్నావు" అని చినత్త ఒక మాట జారింది. అత్త పెరట్లోకి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఎదురెదురు గుమ్మాల్లో ఉండి ఇద్దరికీ మాటల్లేవు. ఇద్దరూ చిక్కిపోయారు. ఒక కథ కోసం ఇంత పంతమా అని మా ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అత్త పంతం కథ కోసం కాదని నాకు తెలుసు. అప్పుడే ఒకసారి ఆవిడ నాతో అంది, "ఆవిడ పక్కన ఎవలూ నేరు గదే, నానుంటాను" అని.

చివరికి చినత్తే వచ్చింది, గిన్నెలో పనస తొనలు పట్టుకుని. అత్త ముందు పెట్టి, నా వైపు చూస్తూ, "ఆ ఆకరి బాగం నాకూ సదివి ఇనిపించు. ఇన్న తరవాత దెబ్బలాడతాను" అంది.

చదివాను. పుస్తకంలో కత్తి లేదు. తరంగిణి దీవికి చేరి, ధూమలేఖ పక్కన కూర్చుని, ఏం జరిగిందని అడుగుతుంది. అలా అడిగిన మొదటి మనిషి ఆమె. పొగ విడిపోతుంది. ఇద్దరూ బూడిదలో గింజలు నాటుతారు. అక్కడితో కథ అయిపోతుంది.

చినత్త ఊరుకోలేదు. "ఇదేటి ముగింపే? ఆ గింజలు మొలిసినాయో నేదో సెప్పొద్దా?"

అత్త తొన గింజ తీసి పక్కన పెట్టింది. "మొలుత్తాయో నేదో నాటినోలికి మాత్రం తెలుత్తాదేటి?"

"అయినా టీవీదే బాగున్నాది" అంది చినత్త. అత్త ఫక్కున నవ్వింది. మళ్లీ మొదలైంది. ఆ తర్వాత ఇన్నేళ్లలో అది ఆగలేదు.

కొన్నేళ్ల తర్వాత పలాసలో మా ఆడపడుచు ఇంటికి వెళ్లినప్పుడు, కలర్ టీవీలో ఆ సీరియల్ మళ్లీ వేస్తున్నారు. అత్త మురిసిపోయి ముందు వరసలో కూర్చుంది. గుర్రం వచ్చింది. గోధుమరంగు గుర్రం, మీద ఒక నీలం గుడ్డ కప్పారు, అంతే. అత్త దగ్గరికి వెళ్లి చూసింది. వెనక్కి వచ్చి కూతురితో చాలా సీరియస్ గా, "మీ టీవీ పాడయిపోనాది, మెకానిక్కుని పిలవండి" అంది. కూతురు నవ్వి నవ్వి కింద కూర్చుంది. అత్త మాత్రం చివరిదాకా ఆ టీవీదే తప్పంది. బస్సులో తిరిగి వస్తుంటే నా భుజం మీద తల వాల్చి, "మన ఇంట్లోనే రంగులు బాగుండీవి" అంది.

అత్తా కోడళ్ల గురించి జనం చెప్పే సంగతులు నేనూ చాలా విన్నాను. మా ఇద్దరికీ కోపతాపాలు లేవని అనను. కానీ ఏ సంగతి మీదైనా "ఓలే, నీ పుత్తకంలో ఎలగున్నాది?" అని అడిగే మనిషి ఇంట్లో ఉండటం ఎంత అదృష్టమో ఈ వారం నుంచి తెలుస్తోంది. నా మాటకు ఆ ఇంట్లో మొదట చోటిచ్చింది ఆవిడే.

ఒక్క ఉదయం చెప్పి ముగిస్తాను. ఎండుచేపల కోసం ఇద్దరం బారువ వెళ్లాం. చలికాలం. రేవు దగ్గరికి వెళ్లేసరికి సముద్రం కనపడటం లేదు, అంతా మంచు. పడవలు ఇంకా రాలేదు. ఎక్కడో మంచులో మనుషుల మాటలు, తెడ్డు చప్పుడు. నేను ఇసుకలో సంచి పరిచి కూర్చున్నాను. అత్త చెప్పులు చేతిలో పట్టుకుని నీళ్ల వైపు నడిచింది. ముందు కాళ్లు, తర్వాత చీర కుచ్చిళ్లు, తర్వాత తెల్లటి ముడి, ఒక్కొక్కటే చెరిగిపోయాయి. కాసేపటికి ఆవిడ ఎక్కడుందో తెలియలేదు. లేచి నిలబడి, "అత్తా!" అని గట్టిగా పిలిచాను.

"ఉన్నానే" అని మంచులోంచి వినిపించింది. "ఉన్నాను. కాసింత సేపు సూసొత్తాను."