దుంగ దగ్గర నా పేరు చెప్పండి

ఒక మనిషి తన పుస్తకావిష్కరణను తన పేరుతోనే ఎలా ఆపించుకోవచ్చో తెలుసుకోవాలని మీకెప్పుడైనా అనిపించిందా? అనిపించకపోయినా చెప్పేస్తాను. ఆ మనిషిని నేనే. ఆ ఘనత ఇంతవరకూ ఇంకెవరికీ దక్కినట్టు లేదు.

అరకు దగ్గర ఒక బడిలో నేను తెలుగు మాస్టారిని. నాలుగేళ్ళు కూర్చుని ఒక నవల రాశాను. అచ్చయి, అయిదు అట్టపెట్టెల్లో వచ్చి, మంచం కింద స్థిరపడింది. అరకులో మంచం కింద పెట్టిన వస్తువుకి వానలు మొదలైన వారానికి బూజు పడుతుంది. అది చెప్పుకి తెలుసు, చీపురుకి తెలుసు, నా నవలకి ఇంకా తెలియదు.

"ఏటండీ, ఈ పెట్టెలు ఎప్పుడు కదుల్తాయి? వానాకాలం ఉల్లిపాయలు నేనెక్కడెట్టుకోను?" అంది మా ఆవిడ రమణమ్మ.

సాహిత్యానికీ ఉల్లిపాయలకీ మధ్య పోటీ వస్తే మా ఇంట్లో ఏది గెలుస్తుందో నాకు తెలుసు. అందుకని ఫోనులో వెతికాను. పేరులేని రచయిత పదిమందీ చదివే బ్లాగుల్లో అతిథిగా వ్యాసాలు రాయాలట. పాఠకుడికి పనికొచ్చే సంగతి ఒకటి చెప్పి, చివర రెండు వాక్యాల్లో "ఈ వ్యాసకర్త ఫలానా నవల రాశారు" అని మెల్లగా అంటించాలట.

వంటల బ్లాగుకి బొంగులో చికెన్ గురించి రాశాను. ముప్ఫై ఆరు మంది స్పందించారు, అందరూ బొంగు ఎక్కడ దొరుకుతుందనే. తోటల బ్లాగుకి మిరియాల తీగ గురించి రాస్తే, ఒకాయన తన తీగ ఫొటో పంపి రోగమేమిటో చెప్పమన్నాడు. ఇప్పటికీ అడుగుతున్నాడు. నవల గురించి ఒక్క ప్రాణీ అడగలేదు.

మూడోది విశాఖపట్నం శ్రీధర్ నడిపే ప్రయాణాల బ్లాగు. దానికి "చైత్రంలో అరకు: ఎవరూ చెప్పని ఏడు రహస్యాలు" అని రాసి పంపాను. ఆరు రహస్యాలు అందరికీ తెలిసినవే. నాలుగోదే నా కొంప ముంచింది.

చైత్రంలో మా వైపు ఇటుకల పండగ. మగవాళ్ళు వేటకని కొండెక్కుతారు. ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా దుంగ పెట్టి, పాట పాడి, వచ్చిన ప్రతి బండి దగ్గరా పండగ కానుక పుచ్చుకుంటారు. అందరూ నవ్వుతూ ఓ నోటు ఇచ్చి వెళ్ళిపోతారు. నేను మాత్రం వరసగా మూడేళ్ళు ఇవ్వలేదు. నోటు జేబులోనే ఉండేది. ఇస్తే నేనూ మామూలు మనిషినైపోతానని భయం.

"నేను రచయితని. మీ అందరినీ పుస్తకంలో పెడతాను. అదే నా కానుక," అన్నాను మొదటి ఏడు, స్కూటరు దిగకుండానే.

వాళ్ళకి పెద్ద, బుట్టి అనే ఆవిడ. నా వయోజన తరగతిలో చదువుకుంది. "నిజంగానేటి మాస్టారూ?" అని తనే దుంగ ఎత్తించింది. రెండో ఏడు, "ఎంతవరకొచ్చింది పుస్తకం?" అని ఎత్తించింది. మూడో ఏడు నేను అడగకముందే ఎత్తించింది. ఆ మర్యాద నా తలకెక్కి, నాలుగో రహస్యం ఇలా రాశాను: "దారిలో దుంగ అడ్డం పెడితే కంగారుపడకండి. నా పేరు చెప్పండి చాలు."

శ్రీధర్ ఎగిరి గంతేశాడు. పండగరోజునే పుస్తకావిష్కరణ పెట్టమన్నాడు. తన పాఠకులు పద్నాలుగు మందిని వ్యానులో తెస్తానన్నాడు. వాళ్ళతోపాటు పుస్తకాల షాపు వరహాలరావుగారిని కూడా. ఆయనకి నచ్చితే అయిదు పెట్టెలూ అదే వ్యానులో ఎక్కించుకుపోతారు. చదువుకోడానికి ఆయనకి ఒక కాపీ ముందే పంపాను.

పది గంటలకి ఆవిష్కరణ. బడి వరండాలో కుర్చీలు వేశాను, దండలు తెచ్చాను. పదకొండయింది. వ్యాను లేదు. పన్నెండుకి ఫోను మోగింది.

"మాస్టారూ, దుంగ దగ్గర ఉన్నామండి. మీ పేరు చెప్పాం," అన్నాడు శ్రీధర్.

"వదిలేశారు కదూ?"

"లేదండి. చాలా సంతోషించారు. అందరినీ దింపి చాపల మీద కూర్చోబెట్టారు. అంబలి కూడా ఇచ్చారు."

"మరి బయల్దేరండి."

"చదవమంటున్నారండి."

"ఏమిటి?"

"మీ నవల. వరహాలరావుగారి చేతిలో చూశారు. ఆయనే పైకి చదువుతున్నారు. డెబ్భై పేజీలయ్యాయి."

"ఎంతదాకా చదవాలట?"

"వాళ్ళు వచ్చేదాకానట. పుస్తకంలోకి."

పక్కనుంచి అంతా విన్న రమణమ్మ నా మొహం చూసింది.

"రాసినారా వాళ్ళని?"

"అంటే, కథ అవసరాన్ని బట్టి, పాత్రల సంఖ్య..."

"నేదన్నమాట. పదండి, బేగి స్కూటరు తియ్యండి."

వెళ్ళేసరికి రోడ్డు పక్క పద్నాలుగు మంది ఎండలో చాపల మీద ఉన్నారు. ఇద్దరు కునుకు తీస్తున్నారు. వరహాలరావుగారి గొంతు బొంగురుపోయింది. ఆయన చుట్టూ పదకొండు మంది ఆడవాళ్ళు కొత్త చీరలు కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని, ఏ వాక్యంలో తమ పేరు వినిపిస్తుందోనని చూస్తున్నారు.

"ఒచ్చీసినావా మాస్టారూ! మేమింకా రానేదు. పొగమంచు మటుకు నాలుగుసార్లు ఒచ్చింది," అంది బుట్టి.

బుద్ధున్న మనిషి అక్కడ తప్పు ఒప్పుకుంటాడు. నేను పుస్తకం అందుకుని, గొంతు సవరించుకుని, "నూట పన్నెండో పేజీ!" అన్నాను. లేని వాక్యాలు చదవడం మొదలుపెట్టాను. బుట్టి ధీరత్వం చదివాను. వాళ్ళలో సోమారి అనే ఆవిడ పాడే పాట చదివాను. లచ్చిమి నవ్వు వెన్నెలలా ఉందని చదివాను. లచ్చిమి సిగ్గుపడింది. నాలుగేళ్ళు కూర్చుని రాసినప్పుడు రాని వాక్యాలు అప్పుడు వరదలా వచ్చాయి. నాకే ముచ్చటేసింది.

"అది నూట పన్నెండులో లేదండీ. నేను ఇంటిదగ్గరే చదివాను," అన్నారు వరహాలరావుగారు. ఆయన వ్యాపారస్థుడు, సరుకు చూడకుండా నమ్మడు.

"ఇలాగియ్యండి మాస్టారూ," అని బుట్టి పుస్తకం తీసుకుంది. వేలు పెట్టి చదివింది. నేను నేర్పిన అక్షరాలే. ఒక్క దీర్ఘం కూడా తప్పలేదు. నూట పన్నెండో పేజీలో పొగమంచు అయిదోసారి వచ్చింది.

లచ్చిమి తలలో పువ్వు సర్దుకోవడం మానేసింది.

"మూడేళ్ళు నీకు దుంగ ఎత్తినాం మాస్టారూ. పైసలు అందరూ ఇత్తారు. నువ్వు పుస్తకం అన్నావని మా మనవలకి కూడా సెప్పుకున్నాం," అంది బుట్టి.

నవ్వుల కథ చెప్తానని కూర్చున్నాను గానీ, ఇక్కడ మాత్రం నాకు నవ్వు రాదు. సిగ్గుతో చచ్చిపోయాను. "తప్పయిపోయింది బుట్టీ. ఏం చెయ్యమంటావో చెప్పు," అన్నాను.

వాళ్ళు పక్కకెళ్ళి మాట్లాడుకున్నారు. దుఃఖంలో ఉన్నవాళ్ళు అంత గట్టిగా నవ్వుతారని నేననుకోలేదు. బుట్టి తిరిగొచ్చి తీర్పు చెప్పింది.

"ఆకర్న తెల్ల కాయితం ఉంది కదా పుస్తకంలో. దానిమీద మా సంగతి సేత్తో రాయి. అన్ని పుస్తకాల్లోనూ. ఇక్కడే, మా ముందర కూకోని."

"అయిదు పెట్టెలు బుట్టీ!"

"పండగ శానా రోజులుంటాది మాస్టారూ."

రమణమ్మ అప్పటికే వ్యాను ఎక్కి పెట్టెలకోసం ఇంటికి బయల్దేరింది. అంత ఉత్సాహంగా ఆవిడ నా సాహిత్యాన్ని ఏనాడూ మోయలేదు.

మూడు రోజులు దుంగ పక్కన కూర్చుని రాశాను. పదకొండు పేర్లు, ఎవరేమన్నారో, ఎవరే పాట పాడారో, నోటు జేబులో ఉంచుకుని నేనేం కోతలు కోశానో, అన్నీ. ఒక్క పొరపాటు రాస్తే బుట్టి వేలు పెట్టి చూపించేది. మొదటి పెట్టె అయ్యేసరికి లచ్చిమి నవ్వులోంచి వెన్నెల పోయింది, పైపళ్ళ మధ్య సందు వచ్చింది. అది చదివి లచ్చిమి నిజంగా నవ్వింది. వరహాలరావుగారు మూడో రోజు మళ్ళీ వచ్చి, ఆఖరి పేజీలు మాత్రం తిప్పి చూసి, పెట్టెలన్నీ పట్టుకుపోయారు.

మంచం కింద ఇప్పుడు ఉల్లిపాయలున్నాయి.

నెల తర్వాత శ్రీధర్ బ్లాగులో సమీక్ష వచ్చింది. చదివి కంఠస్థం పట్టాను కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తాను: "ఈ పుస్తకంలో చేతిరాతతో ఉన్న ఆఖరి పేజీ అద్భుతం. దానికి ముందు రెండు వందల పేజీలు కూడా ఉన్నాయి."

అందుచేత, అరకు కొండల సాక్షిగా, దుంగ మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇక ఏ బ్లాగులోనూ నా పేరు చెప్పమని రాయను. చైత్రంలో జేబులో చిల్లర లేకుండా ఇల్లు కదలను. రెండో పుస్తకమంటూ రాస్తే ముందు ఆఖరి పేజీ రాసి బుట్టికి చూపిస్తాను. మిగతా పేజీలు అవసరమో కాదో ఆవిడే చెప్తుంది.