చుట్టం చెప్పిన కల

తొంభై ఆరులో అరకు వెళ్లొచ్చి ఒక వారపత్రికకు వ్యాసం రాశాను. అందులో సొరంగాలు, కాఫీ తోటలతో పాటు, కొండ మీది ఒక ఇంట్లో నాకు వచ్చిన కల కూడా ఉంది. నిజానికి ఆ రాత్రి నాకు ఏ కలా రాలేదు. ఆ మాట ఆ ఇంటివాళ్లకు చెప్పడానికి ఎనిమిదేళ్ల తర్వాత మళ్లీ బయలుదేరాను.

విశాఖలో ఉదయం ఏడు గంటల ప్రాంతంలో కిరండూల్ పాసింజరు ఎక్కాను. శృంగవరపుకోటలో ఎక్కిన ఒకాయన నా ఎదుట కూర్చున్నాడు. అరకులో ఆయనకు కిరాణా కొట్టు ఉంది. కల పని మీద వెళ్తున్నానంటే నవ్వలేదు.

"తెల్లారగట్ట వచ్చిన కలే ఫలిస్తుందండి. మా ఆవిడకి పళ్లూడినట్టు కలొచ్చిందంటే ఆ రోజు నాకు రైలు బందే," అన్నాడు.

పక్కన బైబిలు సంచితో ఉన్న గిరిజన స్త్రీ కల్పించుకుంది. "మా సంఘంలో అయితే మంచి కలొస్తే సాక్ష్యం సెప్తాం."

"చెడ్డదొస్తే?"

"పాస్టరుగారికి సెప్తాం. రాత్రి ఏటి తిన్నావని అడుగుతారు."

బొర్రా దగ్గర జామకాయలు కొనుక్కున్నాం. పదకొండు దాటాక అరకులో దిగి, హోటల్లో ఇడ్లీ తిని, సంతకు వచ్చి తిరిగి వెళ్తున్న జీపు ఎక్కాను. లోపల చోటు లేక కొందరు వెనక వేలాడుతున్నారు. వలిసె పూలు అయిపోయి చేలు బోసిగా ఉన్నాయి.

మొదటిసారి ఇదే దారిలో ఆఖరి జీపు తప్పిపోతే, బుద్రమ్మ అనే ఆమె కొడుకు నన్ను తమ ఇంటికి తీసుకెళ్లాడు. ఇంట్లో అతని భార్య సుక్రి, ఇంకా పేరు పెట్టని ఆడపిల్ల ఉన్నారు. తెల్లారి చోడి అంబలి, అంటే రాగి జావ, అందిస్తూ బుద్రమ్మ, "ఏటి కలొచ్చింది బాబూ?" అని అడిగింది. మా వైపు అది కాలక్షేపం ప్రశ్న. ఏమీ రాలేదంటే బాగుండదనిపించి, ముందురోజు బస్సులో చూసిన ఒక ముసలమ్మను నా కలలో వాళ్ల గుమ్మంలో కూర్చోబెట్టాను. చుట్ట నిప్పును నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ కాలుస్తోందన్నాను.

బుద్రమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ వచ్చింది పోయిన తన అత్త సోంబారి అంది. ఆ ఇంట్లో బిడ్డ పుట్టిందంటే పోయినవాళ్లలో ఒకరు తిరిగొచ్చినట్టే. ఎవరొచ్చారో కలే చెప్పాలి, ఆ పేరే పెట్టాలి. చుట్టం కలకు, అంటే బయటి నుంచి వచ్చిన అతిథి కలకు, విలువ ఎక్కువట. పోయినవాళ్లెవరో చుట్టానికి తెలియదు కనుక అందులో పక్షపాతం ఉండదు. ఇదంతా బుద్రమ్మ అప్పుడే వివరించింది. అప్పుడైనా నిజం చెప్పవలసింది. మధ్యాహ్నానికి పాప సోంబారి అయింది.

జీపు దిగి, గెడ్డ అని పిలిచే వాగు దాటి రెండు గంటలకు ఆ ఇంటికి చేరాను. బుద్రమ్మకు చూపు తగ్గింది. సుక్రి వాకిట్లో చోళ్లు చెరుగుతోంది. కొడుకు పనికి, పాప ఆటలకు వెళ్లారట. కూర్చున్నాక చెప్పవలసింది చెప్పేశాను.

బుద్రమ్మ కొట్టిపారేసింది. "కల అబద్ధమెలగవుద్ది? నువ్వు మర్సిపోనావు బాబూ. వయసు మీద పడతంది."

"లేదమ్మా. ఆమె బస్సులో కనిపించింది."

సుక్రి చేట దించింది. "ఆ రాత్రి నా కల్లోకి పోయిన మా అమ్మ వచ్చింది అత్తా. అమ్మ పేరే పెట్టి లచ్చమి అని పిలుద్దుమని పాపకి పాలిస్తా అనుకున్నాను."

"మరి సెప్పలేదేటే?"

"సుట్టం సెప్పీసినాక నానేటి సెప్పను? నువ్వు అడిగినావా?"

బుద్రమ్మ నా వైపు తిరిగి, "గుంటతో మాత్రం సెప్పకు," అంది, మనవరాలి గురించి. అన్నం తినమని అడిగింది కానీ రెండోసారి అడగలేదు.

జీపు దాకా సుక్రి దారి చూపించింది. ఆటలోంచి వచ్చిన ఎనిమిదేళ్ల పాప మా ముందు పరుగెడుతోంది. క్షమించమన్నాను.

"మా అమ్మ పెద్దామెకి సోటిచ్చి పక్కకి తప్పుకుందనుకున్నాను బాబూ. అలగనుకునే ఇన్నేళ్లూ దీన్ని ఆ పేరుతో పిలిసినాను. నువ్వు రాకుండా ఉంటే బాగున్ను."

జీపు వచ్చింది. సుక్రి పాపను పిలవబోయి ఆగింది. తర్వాత, "సోంబారీ, ఇలగ రా," అంది. పాప వెంటనే వచ్చింది.

తిరుగు పాసింజరు అరకుకు ఆలస్యంగా వచ్చింది, కిక్కిరిసి ఉంది. శివలింగపురం దాకా తలుపు దగ్గరే నిలబడ్డాను. నిజం చెబితే నా బరువు దిగుతుందని వెళ్లాను. ఎవరి మీదికి దిగుతుందో ఆలోచించలేదు. నా వ్యాసం చదివి ఆ కొండలకు వెళ్లేవాళ్లు ఉంటారు. మిమ్మల్ని ఆదరంగానే చూస్తారు. పొద్దున్నే కల ఏమొచ్చిందని అడుగుతారు. రాకపోతే రాలేదని చెప్పండి. దానికి వాళ్లేమీ అనుకోరు.