రెండంగుళాల గాలి

నాకు కుదురు తక్కువ. అన్నం ముందు కూర్చుని నాలుగు ముద్దలు తిని, లేచి వాకిలి దాకా వెళ్లొచ్చి, మళ్లీ కూర్చుంటాను. బస్సు రాకపోతే నిలబడి చూడలేను, తర్వాతి స్టాపు దాకా నడిచి వెళ్తాను. చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బే గానీ, ఎనభైల మొదట్లో ఒక ఏడాది అది బాగా ముదిరింది. ఆ ఏడాదంతా నా బుర్రలో ఒక్కటే ప్రశ్న తిరిగింది. కసరత్తు నేర్పే మనిషికి మూడు వందలు పోయడం సబబా, కాదా?

మాది టేకులపల్లి దాటాక అడవిని ఆనుకుని ఉన్న ఊరు. నాన్న నా పదో ఏటనే పోయాడు. ఇంట్లో అమ్మ, నేను. కాస్త మెట్ట ఉండేది. ఎండాకాలం బీడీలకు పోయే తునికాకు కోత, మిగతా రోజులు కూలి. పదో తరగతి పాసై ఏళ్ల తరబడి ఊరికే తిరుగుతున్న నాకు ఫారెస్టు గార్డు పోస్టులు పడ్డాయని తెలిసింది. అప్లికేషన్ పెట్టాను. ఆ ఉద్యోగానికి చదువు కంటే ఒళ్లు ముఖ్యం. నాలుగు గంటల్లో ఇరవై అయిదు కిలోమీటర్లు నడవాలి. తర్వాత ఛాతీ కొలుస్తారు. మామూలుగా నిలబడ్డప్పుడు ఒకసారి, గాలి పీల్చాక ఇంకోసారి. రెంటికీ రెండంగుళాల తేడా ఉండాలి.

నడక నాకొక లెక్క కాదు. ఖమ్మం రోడ్డు మీద నాకంటే ముందు ఇద్దరే చేరారు. ఛాతీ దగ్గర బోర్లాపడ్డాను. టేపు పట్టుకున్నాయన మామూలుగా నిలబడమన్నాడు, నిలబడ్డాను. పీల్చమన్నాడు, పీల్చాను. ఇంకా పీల్చమన్నాడు. కళ్లు బైర్లు కమ్మేదాకా పీల్చినా టేపు అరంగుళం మించి జరగలేదు.

"నీకు ఛాతీ లేదయ్యా" అని నా కాగితం పక్కన పెట్టేశాడు. తిట్టినా బాగుండేది. నీకు ఫలానా కాగితం లేదు అన్నట్టు చెప్పాడు.

మళ్లీ ఏడాది లోపల ఇంకొక సెలక్షన్ ఉంటుందన్నారు. నాకు అదే ఆఖరు, ఆ తర్వాత వయసు దాటిపోతుంది.

ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాను. ఆమె పొయ్యి ముందు కూర్చుని కట్టె లోపలికి తోసింది. తర్వాత అంది:

"గది నీ తప్పు గాదు బిడ్డా. నిన్ను కన్న పదకొండో దినమే ఆకు తెంప పోయిన. నీకు పాలు సాలలే. ఇగ రొమ్ము యాడికెల్లి పెరుగుతది?"

నాకు ఒళ్లు మండింది. ఆమె మీద కాదు. ఎవరి మీదో తెలియక మరీ మండింది. లేచి రోడ్డు దాకా నడిచి, వెనక్కి వచ్చి, మళ్లీ వెళ్లాను.

కొత్తగూడెంలో ఒక ఉస్తాద్ ఉన్నాడన్న కబురు మోసుకొచ్చింది అమ్మే. ఆకు కట్టలు అప్పజెప్పే కల్లం దగ్గర ఎవరో చెప్పుకుంటుంటే విందట. మిలిటరీలో చేసి వచ్చాడట. పోలీసు, ఫారెస్టు సెలక్షన్లకు పోయేవాళ్లను ఒక్కొక్కరినే దగ్గర పెట్టుకుని తయారు చేస్తాడట. రెండు నెలలకు మూడు వందలు, అదీ ముందుగానే. ఆ ఏటి ఆకు మీద అమ్మకు వచ్చింది దాదాపు అంతే. పొద్దు పొడవక ముందే అడవికి పోయి, ఎండ ముదిరేదాకా తెంపి, మధ్యాహ్నమంతా కూర్చుని కట్టలు కట్టగా వచ్చిన డబ్బు.

"ఇచ్చెయ్యి" అంది అమ్మ, నేను ఇంకా అడగకముందే.

ఇవ్వలేకపోయాను. మూడుసార్లు కొత్తగూడెం బస్సెక్కాను. ఒకసారి సగం దారిలో దిగిపోయాను. ఒకసారి బస్టాండు దాకా వెళ్లి, రెండు చాయ్‌లు తాగి తిరిగొచ్చాను. మూడోసారి ఆయన షెడ్డు దాకా వెళ్లి తడిక సందులోంచి చూశాను. లోపల ఎవరో కుర్రాడు చెమటలు కక్కుతూ దండీలు తీస్తున్నాడు. ఉస్తాద్ కుర్చీలో కాలు మీద కాలేసుకుని పేపర్ చదువుకుంటున్నాడు. పేపర్ చదవడానికి మూడు వందలా? దండీలు తీసేది మనమే కదా, ఇంటి దగ్గర తీసుకుంటే ఎవరొద్దన్నారు? ఆ మాటే అమ్మతో అన్నాను.

"మరి నెల సంది ఇంటికాడనే ఉన్నవు గద, ఎన్ని తీసినవ్?" అంది.

ఒక్కటీ తీయలేదు.

"పైసలు ఈ యేడు గాకుంటె వచ్చే యేడు ఆకుకు పోతె వస్తయ్. నీ యేండ్లు మల్ల వస్తయా?" అని నోట్లు నా జేబులో కుక్కింది.

వానలు మొదలయ్యాక చేరాను. రోజూ పొద్దున మొదటి బస్సుకు వెళ్లడం, మధ్యాహ్నానికి తిరిగి రావడం. ఉస్తాద్ నన్ను ఎగాదిగా చూసి, "దౌడు తియ్యి" అన్నాడు. తీశాను. తర్వాత దండీలు, బస్కీలు. ఊపిరి బిగబట్టమనేవాడు, వదలమనేవాడు. మిగతా సమయం పేపర్. వాన పడిన రోజు పేపర్ తడవకుండా కుర్చీ లోపలికి జరుపుకునేవాడు గానీ, నేను మాత్రం బయటే. ఒక్కో దండీ తీస్తూ ఇది అమ్మ కట్టిన ఎన్ని ఆకు కట్టల ఖరీదో అనుకునేవాణ్ణి. అలా అనుకుంటూ చేస్తే కసరత్తు ఒంటికి పట్టదని నాకూ తెలుసు. మనసు ఊరుకుంటే గదా.

ఒక టేపు కొన్నాను. ఇంటికి రాగానే చొక్కా విప్పి నిలబడితే అమ్మ కొలిచేది. ఆమెకు అంకెలు రావు. టేపు ఎక్కడ కలిసిందో అక్కడ వేలు పెట్టి పట్టుకునేది, నేను తల వంచి చదువుకునేవాణ్ణి. మామూలుగా ఒకసారి, పీల్చి ఒకసారి. నలభై రోజులు గడిచాయి. తేడా అదే అరంగుళం. ఆమె టేపు చుట్ట చుట్టి నా చేతికిచ్చి లోపలికి వెళ్లేది. ఆ మూడు వందలూ నా జేబులో ఇంకా మండుతున్నట్టే ఉండేది.

నలభై ఒకటో రోజు పొద్దున టేపు తీసుకుని నేరుగా ఉస్తాద్ ముందుకు వెళ్లాను.

"నా పైసలు నాకియ్యుండ్రి. ఛాతీ ఇసుమంత పెరగలే" అన్నాను. దారంతా ఇంతకంటే గట్టిగా అనాలని వల్లె వేసుకుంటూ వచ్చాను గానీ, ఆయన ముందు నిలబడేసరికి అంతే వచ్చింది.

ఆయన పేపర్ మడిచి పక్కన పెట్టాడు. "గా టేప్ ఇటియ్యి. సీదాగ నిలబడు."

నిలబడ్డాను. టేపు చుట్టూ తిప్పాడు. నా మొహం చూశాడు, పొట్ట చూశాడు.

"ఏందిర గిది?"

"ఏంది?"

"పీల్చమనకముందే గాలంత నింపుకున్నవ్. ఇడువు."

నేనేమీ నింపుకోలేదన్నాను. నిజంగానే నాకు తెలియదు. ఆయన రెండు వేళ్లతో నా డొక్క కింద ఒక పోటు పొడిచాడు. నాలోంచి ఎంత గాలి పోయిందో నాకే ఆశ్చర్యమేసింది. భుజాలు దిగాయి. ఎముకలు కనపడ్డాయి. అక్కడ ఒకసారి కొలిచి, "ఇప్పుడు పీల్చు" అన్నాడు. పీల్చాను. టేపు ఆయన వేళ్లలోంచి జర్రున జారింది. రెండంగుళాలు దాటింది.

"నీకు ఎవరు నేర్పిండ్రు ర గట్ల నిలబడుడు?" అన్నాడు.

జవాబు నాకు వెంటనే తెలిసింది. ఏడాదికి ఒక్కటే చొక్కా కుట్టించేది అమ్మ. అంగడిలో మిషను పెట్టుకునే టైలర్ టేపు తీయగానే వెనక నుంచి నా వీపు మీద చెయ్యి వేసి, "రొమ్ము ఇరిసి నిలబడు బిడ్డా" అనేది. కొలత వదులుగా రావాలి, చొక్కా వచ్చే ఏటికి కూడా పట్టాలి. మా ఊళ్లో ప్రతి తల్లీ ఇదే చెప్పేది. ఒంటికి టేపు తగిలితే చాలు, నాకు తెలియకుండానే గాలి నిండేది. ఖమ్మంలో టేపు తగిలింది, అప్పుడూ నిండింది. ఇంట్లో నలభై రోజులూ అమ్మ చేతి టేపు కిందా అంతే.

"అంటే నా ఛాతీ మొదటి దినం నుంచే గింత ఉండెనా?"

"ఉండెనేమో. నేను కొలవలే. వచ్చినోన్ని ఉరికిపిస్త, గదే నా పని." జేబులోకి చెయ్యి పోనిచ్చాడు. "సగం వాపస్ కావాల్నా?"

కావాలనే వచ్చాను. నూటయాభై రూపాయలు నా కళ్ల ముందు ఉన్నాయి. తీసుకుంటే అమ్మకు ఏం చెప్పాలి? ఎందుకు తిరిగిచ్చాడంటే ఏమనాలి? పాలు చాలక కాదే అమ్మా, నువ్వు వీపు మీద చెయ్యేసి చెప్పిన మాట వల్ల పోయింది ఉద్యోగం అనాలా? ఆమె పదకొండో రోజు మాటను ఇరవై ఏళ్లకు పైగా మోసింది. దాన్ని దించి ఇంకోటి ఎత్తడానికి నాకు చేతులు రాలేదు. ఇప్పుడు ఆలోచిస్తే, చెప్పి ఉంటే ఆమె పగలబడి నవ్వేదేమో. నాకు ఆ ధైర్యం లేకపోయింది.

"వద్దు" అన్నాను. "ఉరకాల్నా?"

"ఉరుకు" అని ఆయన పేపర్ తీశాడు.

మిగిలిన ఇరవై రోజులూ పరిగెత్తాను. ఇంట్లో టేపు పెట్టినప్పుడు గాలి వదిలి నిలబడ్డాను. అమ్మ వేలు టేపు మీద రోజూ కొంచెం కొంచెం జరిగేటట్టు నేనే పీల్చాను. ఒక్కసారిగా రెండంగుళాలు పెరిగితే నమ్మదని. ఆ రోజుల్లో ఆమె మొహం చూస్తే నాకు సంతోషం వేసేది, సిగ్గూ వేసేది. సెలక్షన్లో టేపు తగలగానే పళ్లు బిగించి గాలి వదిలాను. పాసయ్యాను.

అమ్మ కల్లం దగ్గర ఉస్తాద్ మాట తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. "నేను పోసిన పాలు సాలకపోతే గా ఉస్తాద్ నింపిండు" అనేది. మా ఊరి నుంచి తర్వాత సెలక్షన్లకు పోయినవాళ్లను నేను బస్సు దగ్గర పట్టుకుని, టేపు పెట్టగానే గాలి వదలమని చెప్పి, ఆ సంగతి మా అమ్మ చెవిన పడనీయొద్దని బతిమాలుకున్నాను.

ఖాకీ గుడ్డ ఇచ్చాక కుట్టించడానికి అంగడికి వెళ్లాం. అమ్మ కూడా వస్తానంది. అదే టైలర్, అదే మిషను. ఆయన మెడలోంచి టేపు తీసి నా ఒంటి చుట్టూ తిప్పాడు. నేను గాలి వదిలి నిలబడ్డాను, బాగా అలవాటు చేసుకున్నాను కదా. వెనక నుంచి వీపు మీద చెయ్యి పడింది.

"రొమ్ము ఇరిసి నిలబడు బిడ్డా. సర్కారు గుడ్డ, నాలుగేండ్లు రావాలె."

విరిచి నిలబడ్డాను. టైలర్ కొలత రాసుకున్నాడు. ఆ చొక్కా నాకు ఎన్నడూ సరిపోలేదు, వదులుగానే ఉండేది. అది వేసుకునే నాలుగేళ్లు డ్యూటీ చేశాను.