ఇరవై ఎనిమిదో దెబ్బ

నా చిన్నప్పుడు ఒక ఏడు, శుభ శుక్రవారం నాడు క్రీస్తును కొట్టే దెబ్బలు లెక్కపెట్టే పని నాకు అప్పగించారు. కల్వకుర్తి అవతల మా ఊరి చర్చి ముందు ఏటా ఆ నాటకం వేసేవారు. నాకు తొమ్మిదేళ్లు. బడికి రెండేళ్లే పోయినా వంద దాకా తడబడకుండా చెప్పేదాన్ని. క్రీస్తు వేషం మా చిన్నాయనది. కొరడా పట్టే సిపాయి పక్కింటి మామ, బండలు కొట్టే మనిషి. క్రీస్తుకు ముప్పై తొమ్మిది దెబ్బలు పడ్డాయని మా ఊళ్లో లెక్క.

"నువ్వు లెక్కవెట్టినంతసేపు కొడుత, ఆగితే నేనాగుత. ముప్పై తొమ్మిది దాటినవనుకో, మీ చిన్నాయన పని ఖతం," అని మామ నవ్వాడు.

ప్రతి ఏడూ పాత నూలు తాడును ఎర్ర రంగులో ముంచి వీపు మీద మెల్లగా ఆనించేవారు. చారలు పడేవి, అంతే. ఆ ఏడు ఆ తాడును ఎలుకలు కొరికాయి. కొత్త చేంతాడు తెచ్చి, రంగు బాగా పట్టాలని పొద్దుటి నుంచీ గోలెంలో నానేశారు. నీళ్లు తాగిన చేంతాడు చాలా బరువు. రోజూ సమ్మెట ఎత్తే మామ చేతులకు ఆ బరువు తెలియలేదు.

చిన్నాయనను గుంజకు కట్టారు. నేను ఒకటి అన్నాను. నాలుగో దెబ్బకు ఆయన మోకాళ్లు వంగాయి. తొమ్మిదో దెబ్బకు "అవ్వా" అని అరిచాడు. ఆయనను కన్న మా అవ్వ జనంలోనే కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "ఈయేడు మస్తు జేస్తుండు నీ కొడుకు," అంది పక్కామె. వీపు మీద పారేది రంగేనని అందరి నమ్మకం. ఏడుపులు పెరిగేకొద్దీ మామ చెయ్యి ఊపందుకుంది.

ఇరవై ఏడు అన్నప్పుడు నా చెంప మీద ఒక చుక్క పడింది. గోలెంలో రంగు చల్లగా ఉంటుంది. ఇది వెచ్చగా ఉంది. నాకు తెలిసిపోయింది. అయినా ఇరవై ఎనిమిది అన్నాను. మిగిలిన పదకొండూ తప్పు లేకుండా చెప్పాను.

కట్లు విప్పగానే చిన్నాయన బోర్లా పడ్డాడు. లేపబోయిన మామ, తన చెయ్యి వాసన చూసుకుని అక్కడే కూలబడ్డాడు.

ఈస్టర్ దాటినా చిన్నాయన మంచం మీద బోర్లానే ఉన్నాడు. అవ్వ నన్ను తిట్టలేదు. పసుపు కలిపిన నూనె గిన్నె చేతికిచ్చి, "ఒక్కో దెబ్బకు రాసుకుంట లెక్కవెట్టు," అంది. వేలు తగిలినప్పుడల్లా ఆ వీపు వణికింది. ఒకచోట చర్మమే లేదు. ఆరు దగ్గర వేలు వెనక్కి తీసుకున్నాను.

"ఎందుకాగినవ్?"

"చిన్నాయనకు నొస్తుందవ్వా."

"మొన్న మనం గిట్ల ఆగాల్సుండె బిడ్డా," అంది.

చిన్నాయన దిండులో నుంచే, "లెక్క తప్పలే గద?" అన్నాడు. తప్పలేదన్నాను. "నేను పది కాడనే లెక్క మరిచిన."

తర్వాత సొంతంగా చదవడం నేర్చుకుని నాలుగు సువార్తలూ వెతికాను. ముప్పై తొమ్మిది అన్న అంకె వాటిలో లేదు. కొరడాలతో కొట్టిన ముచ్చట సగం పంక్తి కూడా రాదు. రాసినవాళ్లు ఎందుకు లెక్కపెట్టలేదో నాకు నూనె గిన్నె పట్టుకున్న నాడే తెలిసింది.

ప్రత్యేక రాష్ట్రం వచ్చాక మా చర్చికి సినిమా వేసే పెద్ద తెర వచ్చింది. మొన్నటి శుభ శుక్రవారం దాని మీద క్రీస్తు సినిమా వేస్తే, కొరడా చప్పుడుకు పిల్లలు గొంతు కలిపి లెక్కపెడుతున్నారు. నా పక్కనున్న పిల్ల పన్నెండు అంది. "ఆయన మొఖం జూడు బిడ్డా," అన్నాను. చూసింది. పదమూడు అనలేదు.

ఇప్పుడు నేను పత్తి మిల్లులో బేళ్లు లెక్కపెడతాను. ఇరవై ఏడు దగ్గర ఒకసారి ఆగి, తలెత్తి, మోస్తున్నవాళ్ల వైపు చూస్తాను. ఆ తర్వాతే ఇరవై ఎనిమిది.