ఈక పరీక్షకు ముందు దువ్వెన

1974 జూన్‌లో నన్ను నాందేడ్ నుంచి బిలోలి తాలూకాలోని కుష్ఠు నియంత్రణ విభాగానికి బదిలీ చేశారు. నా హోదా నాన్ మెడికల్ అసిస్టెంట్. డాక్టరూ కాదు, కాంపౌండరూ కాదు. ఇల్లిల్లూ తిరిగి, ఒంటిమీద మచ్చలు చూసి, అనుమానం ఉన్నవాళ్ళ పేర్లు కార్డు మీద ఎక్కించే ఉద్యోగం. రోగం ఉందో లేదో తేల్చి సంతకం పెట్టేది బిలోలిలోని మెడికల్ ఆఫీసరు. ఆ సంగతి మొదటి రోజే చెప్పారు, మొదటి నెలలోనే నేను మరిచిపోయాను.

మా పరికరం కోడి ఈక. కుష్ఠు మచ్చకు స్పర్శ తెలియదు. అందుకని మనిషిని కళ్ళు మూసుకోమని, మచ్చ మీద ఈక కొన ఆనించేవాళ్ళం. తాకిన చోటును వాళ్ళు వేలితో చూపించాలి. చూపించలేకపోతే అనుమానం కింద రాసుకోవాలి.

కుండల్‌వాడి బజారులో ఒక తెలుగు కోమట్ల కిరాణా దుకాణం, దాని వెనకే ఇల్లు. ఆ ఇంటి కోడలు రాధకు ముంజేతి మీద తెల్లటి మచ్చ కనిపించింది. ఒళ్ళో ఎనిమిది నెలల ఆడపిల్ల. బయట మబ్బు పట్టింది, ఇంకా ముప్ఫై ఇళ్ళు మిగిలి ఉన్నాయి. తొందరలో వేలితో చూపించమనడం మానేసి, శిక్షణలో అలవాటైన మరాఠీలో "లాగ్లం కా?" అని, తాకిందా అనే ఉద్దేశంతో, నోటితో అడిగాను. "నాహీ", లేదు అంది. మూడుసార్లు ఈక ఆనించి అడిగాను, మూడుసార్లూ అదే జవాబు. కార్డు మీద 'సంశయిత్' అని, అంటే అనుమానితురాలని రాశాను.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. మాది నిజామాబాద్ నుంచి వచ్చి నాందేడ్‌లో స్థిరపడిన రైల్వే కుటుంబం. చర్చిలో ఆదివారం ఆరాధనలో వాక్యం చదివి నాలుగు మాటలు చెప్పేవాణ్ణి, బాగా చెబుతానన్న పేరు కూడా ఉండేది. ఆ గుమ్మంలో నిలబడి అరగంట ఉపన్యాసం దంచాను. ఈ రోగానికి మాత్రలున్నాయని, వెలివేయకూడదని, కరుణ చూపాలని చెప్పాను. అత్తగారు తలూపుతూ విన్నది. పక్క దుకాణాలవాళ్ళూ విన్నారు. ఇంతసేపు చెప్పాడంటే రోగం ఉన్నట్టేనని వీధి వీధంతా తీర్మానించుకుంది. మాటలు కోటలు దాటాయి, కాలు గడప దాటలేదు.

ఆరు రోజుల తర్వాత ఆ ఊరి బస్‌స్టాండులో ఎస్తేరక్క ఎదురైంది. ఆమె ఒక మిషన్ ఆసుపత్రి నర్సు. వారానికోసారి వచ్చి మా రోగుల పుండ్లు కడిగి కట్లు కట్టేది. ఆమె నోట బైబిలు మాట నేనెప్పుడూ వినలేదు.

"కోమటోళ్ళ కోడల్ని ఎనకర్రల ఏసిండ్రట. పాలు తాగే పిల్లను గుంజుకున్నరట. ఏం చేసినవ్ తమ్మీ?"

"ఎలెయ్యొద్దనే చెప్పిన అక్కా."

"నడువ్. గని ఆడ నోరు తెరవకు."

రాధ వెనక గదిలో చాప మీద ఉంది. ఆ ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఒకరి తల ఒకరు దువ్వుకుంటారు. ఆరు రోజులుగా ఆమె తల ఎవరూ ముట్టలేదు, జుట్టు అట్టకట్టింది. ముందు గదిలో పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. డబ్బాపాలు పడక కక్కుతోందట. నేను గబగబా ఈక తీశాను. ఎస్తేరక్క నా చెయ్యి పక్కకు నెట్టింది.

"పెద్దమ్మా, దువ్వెన, నూనె ఇయ్యి."

"ముట్టకు బిడ్డా, అంటుతది," అంది అత్తగారు.

"అంటితే నాకు అంటుతది. ఇయ్యి."

నాకు ఊరుకోబుద్ధి కాలేదు. "ముందుగాల పరీక్ష చేద్దామక్కా. రోగం లేదని తేలితే..."

"ఉంటే దువ్వొద్దా?" అంది.

నేను ఈక తిరిగి సంచిలో పెట్టాను.

ఒట్టి చేతులతో నూనె పట్టించి, ఒక్కో చిక్కూ తీసింది. రాధ వెక్కి వెక్కి ఏడ్చింది. జడ సగం అల్లాక, మెడ మీది వెంట్రుకలు పైకి తీస్తున్న ఎస్తేరక్క చెయ్యి ఆగింది. మెడ వెనక, చెవుల కింద అలాంటివే చిన్న చిన్న తెల్ల మచ్చలున్నాయి. గోటితో గీకితే పొట్టు రాలింది.

"గిది శిబ్బెం లెక్కున్నది తమ్మీ. ఇగ తియ్యి నీ ఈక," అంది. శిబ్బెం అంటే చర్మానికి పట్టే మామూలు బూజు మచ్చ, దానికి స్పర్శ పోదు. ఆమె రాధ వైపు తిరిగింది. "కండ్లు మూస్కో బిడ్డా. ఏడ తాకితే ఆడ ఏలు పెట్టు."

పదిసార్లు తాకించాను. పదిసార్లూ రాధ వేలు సరిగ్గా అక్కడే పడింది.

"మరి ఆనాడు నాహీ అంటివి గదమ్మా?" అన్నాను.

"లాగ్లం కా అన్నరు గద సార్. ఈక తాకితే దెబ్బెట్ల తాకుతది? నొయ్యలేదని చెప్పిన."

మరాఠీలో ఆ మాటకు తాకిందా అనీ అర్థమే, దెబ్బ తగిలిందా అనీ అర్థమే. నేను ఒకటి అడిగాను, ఆమె మరొకదానికి జవాబిచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది. సిగ్గు ఆ తర్వాత వేసింది.

కార్డు కొట్టేసే అధికారం నాకు లేదు. ఆ మధ్యాహ్నమే రాధనూ ఆమె భర్తనూ బస్సులో బిలోలి తీసుకెళ్ళాను. మెడికల్ ఆఫీసరు పొట్టు గీకి సూక్ష్మదర్శిని కింద చూసి, ఇది శిబ్బెమేనని చెప్పి, పూతమందు రాశారు. రద్దుకు కారణం రాయవలసిన గడిలో 'ప్రశ్న తప్పు' అని నా చేత్తో నేనే రాశాను. ఆయన రెండుసార్లు చదివి, నా మొహం చూసి, సంతకం పెట్టారు.

సాయంత్రం మేము తిరిగి వచ్చేసరికి అత్తగారు పిల్లతో గుమ్మంలోనే నిలబడి ఉంది. మా మాట పూర్తికాకముందే పిల్లను రాధ ఒళ్ళో పెట్టేసింది. ఏడుపు ఆగింది. ఆ ఇంట్లో అంతా కూలబడినట్టు కూర్చున్నారు, నేనూ కూర్చున్నాను.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నంతకాలం ఈక పట్టుకుని ఎవరినీ నోటితో అడగలేదు, వేలితోనే చూపించమన్నాను. నిజంగా రోగమున్న ఇళ్ళకు వెళ్ళినప్పుడు గుమ్మంలో ఉపన్యాసం మాని, లోపలికి వెళ్ళి రోగి చేత్తోనే మంచినీళ్ళు ఇప్పించుకుని తాగేవాణ్ణి. చూసినవాళ్ళకు వేరే చెప్పవలసిన పని ఉండేది కాదు. రాధకు రోగం లేకపోవడం మా అదృష్టం. ఆ సంగతి తేలకముందే ఎస్తేరక్క సగం జడ అల్లేసింది.